నలుగురు తోస్తే కదిలే కారు

ఆళ్లగడ్డ పాత బజారులో భాస్కరయ్య కారును తొయ్యని మగవాడు లేడంటే అతిశయోక్తి కాదు. పాలు పోసేవాడు తోశాడు, పోస్టుమాను తోశాడు. పెళ్లయ్యాక మొదటిసారి అత్తగారింటికి వస్తున్న ఒక కొత్త అల్లుడు చేతిలోని స్వీటు డబ్బా అరుగు మీద పెట్టి మరీ తోశాడు. తెల్ల అంబాసిడరు, డీజిలుది. తాళం తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. ఆ చప్పుడు వినపడగానే తెలివిగలవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు సందులోకి తిరిగిపోయేవాళ్లు. మొహమాటస్తులు మాత్రం దొరికిపోయేవాళ్లు.

భాస్కరయ్యకు ఇదేమీ నామోషీగా ఉండేది కాదు. "తోసేటోళ్లు లేనోనికి గదప్పా సెల్ఫు కావాల్సింది" అని నవ్వేవాడు. మన వైపు స్టార్టరు మోటారును ఎవరూ ఆ పేరుతో పిలవరు, సెల్ఫు అనే అంటారు. ఆయనది పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే కొట్టు. అహోబిలం పోయే భక్తులు సగం మంది అక్కడ ఆగి బుట్ట నింపుకునే పోతారు. తాతల నాటి వ్యాపారం, కల్తీ లేని సరుకు, తప్పని మాట. అటువంటి మనిషి చెయ్యి ఊపితే తొయ్యకుండా ఎవరుంటారు?

అయితే ఈ కథ ఆయనది కాదు, ఆయన భార్య కమలాక్షమ్మది. ఏం చేస్తాం, మన దగ్గర ఏ ఆడమనిషి సంగతి చెప్పాలన్నా ముందు మొగుడి కొట్టు గడప తొక్కి రావాల్సిందే.

కమలాక్షమ్మ పుట్టింది బేతంచెర్లలో. బండలు కోసి నునుపు పట్టే ఊరు. వాళ్ల నాయన చిల్లర కొట్టు ముందరే బండల లారీలు ఆగేవి. డ్రైవర్లు బానెట్ ఎత్తి ఇంజనులోకి తల దూర్చి తిట్టుకుంటూ ఉంటే, ఈ పిల్ల కొట్టు మెట్టు మీద కూర్చుని కన్నార్పకుండా చూసేది. "ఏందమ్మే, లారీ నడుపుతావా" అని వాళ్లు ఎగతాళి చేస్తే నడుపుతానని తల ఊపేది. పెళ్లీడు రాగానే ఆళ్లగడ్డ సంబంధం వచ్చింది. లారీల సంగతి అందరూ మరిచిపోయారు, ఆమె ఒక్కతే మరిచిపోలేదు.

ఆ తర్వాత ఆమె జీవితమంతా ఆ కొట్టులోనే గడిచింది. పసుపు జల్లించడం, పొట్లాలు కట్టడం, తూకం చూడడం. ఎంత కడిగినా అరచేతుల పచ్చదనం పోయేది కాదు. భాస్కరయ్య మంచివాడే, చెయ్యి చేసుకునే మనిషి కాదు, మాట విసిరే మనిషీ కాదు. కానీ మంచి మొగుడున్నంత మాత్రాన మనసులో కోరికలు చచ్చిపోతాయా?

యాభై దాటాక భాస్కరయ్యకు చక్కెర జబ్బు కళ్లకు తగిలింది. "ఎదురుగా ఏదో వస్తాండాదని తెలుస్తాంది గానీ, అది బస్సో బర్రెగొడ్డో తెలీడంల్యా" అని ఆయనే ఒకరోజు ఒప్పుకున్నాడు. కూలికి పెట్టిన డ్రైవరు ఒకనాడు వస్తే రెండు నాళ్లు రాడు. సరుకు తేవాలంటే నంద్యాల పోవాలి, తిరునాళ్లకు పోయి అంగడి పెట్టాలంటే సామాను మోసుకుపోవాలి. అట్లా ఇద్దరూ తలలు పట్టుకుని కూర్చున్న ఒక సాయంత్రం కమలాక్షమ్మ మెల్లగా అంది.

"నాకి నేర్పియ్యి."

భాస్కరయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాసేపటికి ఆయన కూడా నవ్వడం మానేసి, తాళం చేతిలో పెట్టాడు. అహోబిలం రోడ్డులో, ఎండ దిగాక, పక్క సీట్లో కూర్చుని ఆయనే నేర్పాడు. సరిగా కనపడని మనిషి నేర్పడం, ఎన్నడూ తొక్కని మనిషి తొక్కడం! గొర్రెల మందలు కూడా ఆ కారు వస్తుంటే ముందే దారి ఇచ్చేవని బజారులో చెప్పుకుని నవ్వేవాళ్లు. నవ్వనీ. లైసెన్సు వచ్చింది. ఆమె చెయ్యి స్టీరింగు మీద కుదిరింది. శిరివెళ్ల దాటి నంద్యాల రోడ్డు మీద, రెండు వైపులా వరి మళ్ల గాలి కిటికీలోంచి కొడుతుంటే, తాను ఇన్నేళ్లు ఎందుకు ఊపిరి బిగబట్టుకుని బతికిందో ఆమెకే అర్థమయ్యేది కాదు. అంత సంతోషపడింది.

అయితే ఆ సంతోషం నెత్తిన సెల్ఫు కూర్చుంది.

భర్త చెయ్యి ఊపితే నలుగురూ నవ్వుకుంటూ వచ్చి తోసే కారును ఆమె తోయించుకోవాలంటే, దిగాలి, బజారు మధ్య నిలబడాలి, మగవాళ్లను బతిమాలాలి. వాళ్లు తోస్తారు, కానీ ఊరికే తొయ్యరు. తోసినంత సేపూ ఏదో ఒకటి అంటారు. అందుకే ఆమె ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా ఎక్కడ కాస్త పల్లముందో నేర్చుకుంది. ఆపితే పల్లంలోనే ఆపేది. టోకు కొట్టు ముందు సరుకు ఎక్కిస్తున్నంత సేపూ ఇంజను ఆపేదే కాదు, డీజిలు పొగ మింగుతూ అక్కడే నిలబడేది.

బాగుచేయించలేదా అంటే, చేయించారు. ఆళ్లగడ్డ మెకానిక్కు సెల్ఫు విప్పేవాడు, నంద్యాలలో బాగుచేయించి తెస్తే మళ్లీ బిగించేవాడు. కొన్నాళ్లు గిర్రుమని తిరిగేది. అంతలోనే మళ్లీ 'టక్'. ఒకసారి సెల్ఫునే మార్చారు. అదీ అంతే. బ్యాటరీ మార్చారు. అదీ అంతే. ఎవరో దిష్టి అన్నారు, ఎవరో శని అన్నారు.

కమలాక్షమ్మ దేవుడి మీదే భారం వేసింది. కారు కొన్న కొత్తలో అహోబిలంలో పూజ చేయించినప్పుడు అయ్యవారు బానెట్ ఎత్తించి, ఇంజను పక్కన చేతికందే చోట బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు అక్కడే చిలకరించాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆమె అదే చోట పసుపు మెత్తి, కుంకుమ పెట్టి, కొబ్బరి నీళ్లు పోసేది. కొని తెచ్చిన పసుపైతే చెయ్యి కాస్త వెనకాడేదేమో, సొంత కొట్టు సరుకాయె. కారు మొరాయించిన కొద్దీ భక్తి పెరిగింది, భక్తి పెరిగిన కొద్దీ పసుపు మందమైంది. మెకానిక్కులు కూడా అక్కడ చెయ్యి తగిలితే కళ్లకద్దుకుని పక్కకు జరిగేవాళ్లే తప్ప, దేవుడి బొట్టును ఎవడు గీకుతాడు?

ఈ వేసవిలో ఒకరోజు నంద్యాల నుంచి సరుకుతో వస్తుండగా శిరివెళ్ల నడిబజారులో కారు ఆగిపోయింది. గేదె అడ్డం వస్తే గాభరాగా బ్రేకు తొక్కింది, ఇంజను ఆగింది. తాళం తిప్పితే టక్. మళ్లీ తిప్పితే టక్. వెనక బస్సు హారను. ముందు ట్రాక్టరు. పక్క సీట్లో భాస్కరయ్య. కమలాక్షమ్మ దిగి చేతులు జోడించింది. కొందరు వచ్చి తోశారు. ఒకడు తోస్తూ పక్కవానితో అన్నాడు.

"ముసలితనంలో ఈమెకి కారెందుకప్పా. మొగుణ్ణి ఎక్కించుకుని ఊరేగాలనా?"

అందరూ నవ్వారు. ఇంజను అందుకుంది.  ఇల్లు చేరగానే భాస్కరయ్య ఫోను తీసి అవుకులోని సుబ్బయ్యకు కలిపాడు. సుబ్బయ్య అవుకు చెరువు కింద భూములున్న రైతు. రెండు కుటుంబాలకూ తాతల నాటి ఇచ్చిపుచ్చుకోలు. పాత అంబాసిడరు దొరికితే చెప్పమని చాలాకాలంగా అడుగుతున్నాడు.

"ఆదివారం రాప్పా, కారు తీస్కపో. తోసే కారే, ముందే చెప్తాండా. మాట ఇచ్చినా" అని ఫోను పెట్టేశాడు.

కమలాక్షమ్మ గడపలోనే కూలబడింది.

"నన్నొక మాట అడగల్యా?"

"ఏమడగాల? ఆ నాకొడుకు అన్న మాట నువ్వినలేదా? నాకి కండ్లు పోయినాయి గానీ చెవులు పోలేదే."

"అనేటోళ్లను అననీ. సెల్ఫు బాగైతే ఎవురూ అనరు గదా."

"ఎన్నిసార్లు బాగుచేయించలా? ఇంగ చాలు. మాట ఇచ్చేసినా."

వ్యాపారస్తుడి ఇంట పుట్టి, వ్యాపారస్తుడి ఇంట మెట్టిన మనిషి ఆమె. ఇచ్చిన మాట అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారు పోతే ఏముంది, మళ్లీ కొట్టు, పొట్లాలు, తూకం. అంతే కదా అని తనకు తానే చెప్పుకుంది. అంతే అనుకోగానే ఏడుపొచ్చింది. పోయేదేదో పోతుంది, దీని రోగమేమిటో తెలుసుకోకుండా మాత్రం వదలనని పంతం పట్టింది.

గురువారం పొద్దున్నే మెకానిక్కు చేత సెల్ఫు విప్పించి, గోనెసంచిలో చుట్టి, నంద్యాల బస్సెక్కింది. కండక్టరు సంచి ఎత్తి చూసి, "ఏందమ్మా ఇది, రోలా" అన్నాడు. ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

వెంకటేష్ కొట్టు బస్టాండు దాటాక ఒక సందులో ఉంది. బండ్ల కరెంటు పనులు చూస్తాడు. నడివయసు మనిషి, మాట పెళుసు, పని నయం. సంచి చూడగానే నుదురు కొట్టుకున్నాడు.

"మళ్లా తెచ్చినావా అక్కా?"

"తెచ్చినా. ఈసారి బాగైందని చెప్పి పంపొద్దు. నా ముందర విప్పు. ఇది ఎట్ల పనిచేస్తాదో నాకి తెలియాల. ఆదివారం కారు అమ్మేస్తాండారు."

"నీకెందుకక్కా ఇయన్నీ. చేతులు నల్లగయితాయి."

"ముప్పై ఏండ్లుగా పచ్చగుండాయి. ఒకరోజు నల్లగైతే ఏం?"

వెంకటేష్ నవ్వి స్టూలు జరిపాడు. బోల్టులు విప్పి ఒక్కొక్క భాగం పాత పేపరు మీద పరిచాడు. రాగి తీగ చుట్టిన బరువైన కడ్డీ ఆర్మేచరు. దాన్ని రుద్దుకుంటూ కరెంటు అందించే నల్ల ముక్కలు కార్బన్లు. అవి అరిగితే మోటారు తిరగదు, ఇవి అరగలేదు. నెత్తిన చిన్న డబ్బా లాగా ఉన్నది సోలినాయిడు.

"నువ్వు తాళం తిప్పితే కొంచెం కరెంటు ఈ డబ్బాలోకి వస్తాది. ఇది లోపలున్న ఇనుపకడ్డీని గుంజుతాది. గుంజితే రెండు పనులయితాయి. ఈ పండ్ల చక్రం ముందరికి పోయి ఇంజను పెద్ద చక్రాన్ని కరుసుకుంటాది. లావు కరెంటుకు గేటు తెరుసుకుంటాది. మోటారు తిరుగుతాది, ఇంజన్ను తిప్పుతాది. ఇంజను అందుకోగానే చక్రం ఎనక్కొచ్చేస్తాది."

"మరి టక్ అనేది?"

"కడ్డీ గుంజిన సప్పుడు. టకటకటక అని కొట్టుకుంటే బ్యాటరీ ఆకలి మీదుండాదని. ఊరికే గిర్రుమని తిరిగి ఇంజను కదలకుంటే పండ్ల చక్రం పోయిందని. కర్రుమంటే పండ్లు అరిగినాయని. ఒక్క టక్ అని మూసుకుంటే, గేటన్నా చెడింది, యాడో దారన్నా మూసుకుంది. గేటు బాగనే ఉండాది, సూడు."

భాగాలు శుభ్రం చేసి, ఇరుసు తిరిగే బుష్షులకు చుక్క నూనె వేసి, మళ్లీ బిగించాడు. బ్యాటరీ నేల మీద పెట్టి, మోటారును కాలితో తొక్కిపట్టి లావు వైర్లు తగిలించాడు. అది కాలి కిందనుంచి ఎగిరిపోబోయింది.

"పిల్ల బంగారమక్కా. నువ్వు ఊరికే పుట్టింటికి తోలుకొస్తాండావు. తేడా అంతా అత్తగారింట్లో ఉండాది."

"అంటే?"

"కరెంటు పోయేదే సూస్తారు అందరూ. పోయింది తిరిగి రావాల గదా. బ్యాటరీ నుంచి సెల్ఫుకు లావు వైరుంటాది. తిరిగి పోయేదానికి ఇంజను ఇనుమే దారి. ఇంజను నుంచి చాసీకి, అంటే కారు చట్రానికి, ఒక రాగిపట్టీ ఉంటాది, జడ మాదిరి అల్లింటారు. దాని మీదుగా పోయి బ్యాటరీ మైనస్సులో కలుస్తాది. దాన్ని ఎర్తు అంటాం. ఆ దారి ఎవురన్నా సూసినారా మీ ఆళ్లగడ్డలో?"

"ఆ దారి మూసుకుంటే కరెంటు ఏం చేస్తాది?"

"దొడ్డిదారి ఎతుక్కుంటాది. సన్న తీగ ఏది దొరికితే దాంట్లో దూరతాది. ఆ సన్నది అంత కరెంటుకు తట్టుకోలేక కాలతాది. సెల్ఫు మాత్రం తిరగదు."

ఆమె పోయేముందు కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాడు. తాళం ఎక్కువసేపు పట్టి తిప్పొద్దు, మోటారు కాలుతుంది. కాసేపు తిప్పి, అందుకోకపోతే ఆగి మళ్లీ తిప్పాలి. ఇంజను నడుస్తుండగా పొరపాటున కూడా తిప్పొద్దు. ఏ వైరు మీద చెయ్యి పెట్టినా ముందు బ్యాటరీ మైనస్సు విప్పాలి. కీళ్ల దగ్గర తుప్పు పట్టకుండా చూసుకోవాలి. ఆమె తల ఊపుతూ విన్నది గానీ, మనసు మాత్రం జడ దగ్గరే ఆగిపోయింది.

బస్సు శిరివెళ్ల దాటుతుండగా ఆమెకు ఒక సంగతి తట్టింది. డీజిలు కారును తాళంతో ఆపరు. స్టీరింగు పక్కన ఒక బుడిపె ఉంటుంది, దాన్ని గుంజితే సన్న ఉక్కుతీగ ఇంజన్ను ఆపుతుంది. కారు 'టక్' మని మొరాయించిన ప్రతిసారీ, లోపలికి సరిగా పోయిందా అని నెట్టి చూస్తే ఆ బుడిపె చేతికి చుర్రుమనేది. ఎండకు కాలిందనుకునేది. మన నంద్యాల సీమలో దేనికి కారణం తోచకపోయినా ఎండ మీదకు తోసేస్తాం. పొద్దున్నే, నీడలో, ఇంజనే తిరగని కారులో దానికి వేడి ఎక్కడిది? కరెంటు ఆ ఉక్కుతీగలో దొడ్డిదారి వెతుక్కుంటోంది. అంటే అసలు దారి మూసుకుపోయింది. జడలా అల్లిన రాగిపట్టీ.

ఆ పట్టీ ఎక్కడుంటుందో ఊళ్లో ఏ మెకానిక్కు కన్నా ఆమెకే బాగా తెలుసు. అయ్యవారు మొదటి బొట్టు పెట్టింది దాని మీదే. ఇన్నేళ్లుగా ప్రతి శుక్రవారం పసుపు మెత్తి, కొబ్బరి నీళ్లు పోసింది దాని మీదే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దోషం తన చేతి కిందే పెట్టుకుని నంద్యాల చుట్టూ తిరిగింది. బస్సులో నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మర్నాడు శుక్రవారం. మెకానిక్కు సెల్ఫు బిగించి పోయాడు. కమలాక్షమ్మ తాళం తిప్పింది. టక్. బుడిపె పట్టుకుంది. వేడిగా ఉంది. దిగి బానెట్ ఎత్తింది. పూజ వేళ. మామూలుగానైతే చేతిలో పసుపు పళ్లెం ఉండేది. ఇవాళ స్పానరు, ఉప్పుకాగితం, గిన్నెలో వేడినీళ్లు ఉన్నాయి. భాస్కరయ్య గుమ్మంలో నిలబడి, "ఏం చేస్తాండావే" అన్నాడు. ఆమె స్పానరు అందుకుని బ్యాటరీ మైనస్సు విప్పింది.

పట్టీ కనపడడమే లేదు. ఎండిన పసుపు పెచ్చులు కట్టి, మీద కుంకుమ, దాని మీద మళ్లీ పసుపు. ఆమె చెయ్యి ఆడలేదు. దేవుడికి పెట్టింది గీకడమా? ఎన్ని మొక్కులు మొక్కింది ఆ చోట. ఇప్పుడు అత్తగారింట ఉన్న బిడ్డ పరీక్షలకు అప్పట్లో మొక్కింది, మొగుడి కళ్లకు మొక్కింది. కాసేపు కళ్లు మూసుకుని, "సామీ, నువ్వు అడగలా, నేనే అతి చేసినా, తప్పు కాయి" అని మనసులో అనుకుని, స్పానరు తగిలించింది.

బోల్టు ఊడాక కింద చూస్తే రాగి రంగే లేదు. ఆకుపచ్చ చిలుము, తెల్ల బూజు, మధ్యలో పసుపు ముద్ద. కొబ్బరి నీళ్ల ఉప్పు ఏళ్ల తరబడి తిన్నంత తిన్నది. మెకానిక్కు సెల్ఫు బిగించిన ప్రతిసారీ పట్టీ అటూ ఇటూ కదిలి కాస్త ఆనేది, కొన్నాళ్లు నడిచేది, మళ్లీ శుక్రవారాలు వచ్చి కప్పేసేవి. ఈసారి ఆ కాస్త కూడా ఆనలేదు. పట్టీ జడ మాత్రం తెగలేదు. వేడినీళ్లతో కడిగింది, ఆరనిచ్చింది, పట్టీ కొసను, అది ఆనే ఇనుమును మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దింది. గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు పూసింది. బ్యాటరీ తగిలించి, వచ్చి సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

గిర్రుమంది. ఒక్క విసురుకే ఇంజను అందుకుంది. ఆపింది. మళ్లీ తిప్పింది. మళ్లీ అందుకుంది. ఎదురు కొట్టువాళ్లు తొయ్యడానికి సగం దూరం వచ్చి, ఏం చెయ్యాలో తోచక అక్కడే నిలబడ్డారు. కమలాక్షమ్మ స్టీరింగు మీద తల ఆనించుకుని పగలబడి నవ్వింది.

భాస్కరయ్య తడుముకుంటూ వచ్చి కిటికీ పట్టుకున్నాడు. ఆమె అంతా చెప్పింది. దాచలేదు, తన పసుపే ఇంత చేసిందని చెప్పింది. ఆయన చెయ్యి చాచి బానెట్ మీద తట్టాడు.

"ఎవురి కొట్టు పసుపు మరి" అన్నాడు. "కల్తీ సరుకైతే ఎప్పుడో రాలిపోయుండును."

ఇద్దరూ నవ్వారు. నవ్వాక ఇద్దరికీ ఆదివారం గుర్తొచ్చింది. ఆయన ఆ మాట ఎత్తలేదు, ఆమె అడగలేదు. మాట ఇచ్చిన మనిషిని తప్పమని అడగడం ఆమెకు చేతకాదు. శనివారం కారును లోపలా బయటా తుడిచింది. సీటు వెనక వేసుకునే చిన్న దిండు, కంటి అద్దాలు తీసి ఇంట్లో పెట్టుకుంది. రోగం తెలుసుకుని పంపుతున్నాను, అది చాలు అనుకుంది. చాలదని ఆమెకే తెలుసు.

ఆదివారం సుబ్బయ్య పొద్దున్నే బస్సు దిగాడు. చేతిలో బంతిపూల దండ. కారు చుట్టూ తిరిగి చూసి, లోపల కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను వెంటనే పలికింది.

"ఏం శెట్టీ, తోసే కారన్నావు. పువ్వు మాదిరి స్టార్టయింది గదా. ఎవురు బాగుచేసినారు?"

"మా ఇంటామె."

"బలే. ఇంగ కాయితాలు ఇయ్యి, బేగా పోతా."

భాస్కరయ్య అరుగు మీద నుంచి లేచాడు. పంచె సర్దుకున్నాడు. లోపల పొట్లాలు కడుతున్న కమలాక్షమ్మ చెయ్యి ఆగింది.

"సుబ్బయ్యా, కారు ఇయ్యను. మాట తప్పుతాండా. తిట్టాలనుకుంటే తిట్టిపో."

సుబ్బయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"ఏందీ? మీ తాత మాట మీద మా తాత కళ్లం కాడ గింజలు వదిలేసి నిద్రపోయినాడు. అట్లాంటి ఇంట్లో పుట్టి, పాత కారు కోసం మాట తప్పుతావా? బాగైంది గదా, ఇంగా ఎక్కువ దుడ్లు వస్తాయనా?"

"దుడ్ల కోసం గాదు. నువ్వు ఎంతిచ్చినా ఇయ్యను. నలుగురూ నా పెండ్లాన్ని ఎగతాళి చేస్తాంటే ఇనలేక అమ్ముతానంటి. ఆమెని అడగకుండా అంటి. అదే నేను చేసిన మొదటి తప్పు. మాట తప్పేది రెండోది. మొదటిది దిద్దుకోవాలంటే రెండోది చేయక తప్పదు."

బజారు బజారంతా వింటోంది. కమలాక్షమ్మ చేతిలోని పొట్లం అక్కడే పడేసి బయటికొచ్చింది.

"ఇచ్చేయయ్యా. నీ మాట పోగొట్టుకోవద్దు. నేను బస్సులో తెచ్చుకుంటాలే సరుకు."

"నువ్వూరుకో. మాట నాది, పోతే నాదే పోతాది."

సుబ్బయ్య ఇంకా కొన్ని మాటలు అన్నాడు. భాస్కరయ్య తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి సుబ్బయ్యే అలిసిపోయి, దండ అరుగు మీద విసిరి, బస్టాండు వైపు నడిచాడు. చూస్తున్నవాళ్లు మెల్లగా ఎవరి పనుల్లోకి వాళ్లు సర్దుకున్నారు. కొట్టులో ఇద్దరే మిగిలారు.

"ఎంత పని చేస్తివి" అంది కమలాక్షమ్మ. "రేపటి నుంచి నీ మాట ఎవురు నమ్ముతారు?"

"నమ్మకుంటే మానె. పోయిన పేరు నిఖార్సుగా యాపారం చేసి మళ్లా తెచ్చుకుంటా. మొన్న ఇంజను పలికినప్పుడు నువ్వొక నవ్వు నవ్వినావు. పెండ్లయినప్పటి నుంచి అట్లాంటి నవ్వు నేనినలేదు. నిన్ను మళ్లా ఈ మూల కూర్చోబెడితే, దాన్ని యాడ కొనుక్కొచ్చేది?"

ఆమె దగ్గరికి జరిగింది. ఆయన చెయ్యి పట్టుకుంది. బజారులో, పట్టపగలు, ముప్పై ఏళ్లలో ఎన్నడూ పట్టుకోనట్టు పట్టుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, రేపు నంద్యాల నుంచి ఏమేం సరుకు తేవాలో అడిగింది.